వందో మీటరు

తడిపిన తాడును రెండు మేకుల మధ్య బిగించి, వేలితో ఒకసారి మీటి చూశాడు సున్నం. బిగువుగానే ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, బండి పిడి పట్టుకుని, తాడు వెంబడే తోసుకుంటూ వెళ్ళాడు. బండి అడుగున ఉన్న చీలికలోంచి తెల్లటి పొడి మూడు వేళ్ళ వెడల్పున నేల మీద పడుతోంది. ఆరు గీతలయ్యాయి. ఎనిమిది లైన్లకి తొమ్మిది గీతలు కావాలి. ఎండెక్కితే స్టీలు టేపు సాగుతుందనీ, గాలి లేస్తే పొడి పక్కకి పోతుందనీ ఆయన ఇంకా మసక ఉండగానే పని మొదలుపెడతాడు.

సున్నం ఆయన పేరు కాదు. అసలు పేరు గుర్తింపు కార్డుకి తెలుసు, భార్యకి తెలుసు. భార్య కూడా "ఏమయ్యా" అనే పిలుస్తుంది కాబట్టి ఇక కార్డు ఒక్కటే మిగిలింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ మైదానంలో గీతలు గీస్తున్నాడు. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, గోళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. ఎంత రుద్దినా పోదు. పొడి గుండెల్లోకి కూడా వెళ్ళింది. పొద్దున్నే ఒక పావుగంట దగ్గు, ఆ తర్వాతే మాట. సున్నం ఆఖరికి ఆయన వేలిముద్రల్ని కూడా తినేసింది. ఆఫీసు గుమ్మంలో హాజరు మిషను పెట్టిన దగ్గర్నుంచి రోజూ ఆయన వేలు పెట్టడం, అది "మళ్ళీ ప్రయత్నించండి" అనడం, మేనేజరు వచ్చి "ఉన్నాడులే" అని కాగితం మీద రాయడం. మేనేజరు రాస్తే సున్నం ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. ఈ మాట మేనేజరు నవ్వుతూనే అంటాడు గానీ రోజూ అంటాడు.

తొమ్మిదో గీత పూర్తిచేసి, ఎనిమిదో లైను అంచున గడ్డిలో కూర్చుని, అక్కడున్న ఇనుప మేకు తలని బొటనవేలితో తుడిచాడు. అది వందో మీటరు. పరుగు మొదలయ్యే చోట ఒకటి, ఇక్కడ ఒకటి, జానెడు లోతుకి దిగ్గొట్టిన మేకులు. పనిలో చేరిన ఏడాది మూడు రోజులపాటు కొలిచిందే కొలిచి ఆయనే కొట్టాడు. వానొస్తే గీత పోతుంది. పశువుల్లా తిరిగే జనం కాళ్ళ కింద పడి పోతుంది. మేకు మాత్రం ఎక్కడికీ పోదు. గడ్డి కోసే మిషను కత్తి తగలకుండా దాని మెడకి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంచాడు.

"బాబాయ్."

మాట కంటే ముందు ఆమె కుడి బూటు నేల మీద ఈడ్చిన చప్పుడు వినబడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కుడి పక్క స్వాధీనంలో లేదు. కుడి చెయ్యి ముడుచుకుని రొమ్ముకి ఆని ఉంటుంది, మాట ఆగి ఆగి వస్తుంది. రెండేళ్ళ కింద ఇక్కడ పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు, పొద్దున నడకకి వచ్చే పెద్దమనుషులు తమ దారికి అడ్డంగా ఉందని ఫిర్యాదు చేశారు. మేనేజరు ఆమెని చివరి లైనుకి తోసేశాడు. అప్పట్నుంచి సున్నం ఆమెని "ఎనిమిదీ" అని పిలుస్తాడు. ఆ పిలుపుకి మొదట్లో ఆమె మొహం మాడ్చుకునేది, ఇప్పుడు తల్లి పిలిచినా అంత తొందరగా పలకదు.

"ఏం ఎనిమిదీ, అప్పుడే వచ్చావ్? నీ పరుగు పదింటికి కదా."

"ఇవాళ... టైము చూస్తారంట బాబాయ్. స్టాప్‌వాచ్‌తో." ఎడం కాలి మీద బరువు మార్చుకుంది. "ముప్పై లోపు రావాలి."

ఆ ముప్పై సంగతి సున్నానికి తెలుసు. పోయిన నెల పక్క ఊరి శిక్షణ కేంద్రం నుంచి ఒక కోచ్ వచ్చి ఆమె పరుగు చూశాడు. మొహంలో నవ్వులేని మనిషి. "వంద మీటర్లు ముప్పై సెకన్ల లోపు చెయ్యగలిగిన రోజు నా దగ్గరికి రా, హాస్టల్లో చోటిస్తా. వచ్చాక నేనే కొలుస్తా. ఒక్కసారే. దాటితే తిరిగి పంపించేస్తా, రెండోసారి చూడను. నేను జాలిపడి ఎవర్నీ తీసుకోను" అన్నాడు. ఆ చివరి మాటకే మూడు రోజులు సంబరపడిపోయింది ఎనిమిది. పుట్టిన దగ్గర్నుంచి జాలిపడను అన్న మనిషి అతనొక్కడే తగిలాడు ఆమెకి. అప్పటికి ఆమె టైము ముప్పై మూడు.

"నీ అడుగులెన్ని?" అడిగాడు సున్నం.

"నూట నలభై ఆరు."

"ఎప్పుడూ అంతేనా?"

"ఒకటి అటూ ఇటూ." మేకు తలని కుడి బూటు మొనతో ఒకసారి తాకింది. అది ఆమె అలవాటు. పరుగు ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి. ఆ తాకిడికి మేకు తల ఒక పక్క అరిగి మెరుస్తూ ఉంటుంది.

ఎనిమిదింటికి సోఫాలు దిగాయి. 'అందరూ ఒక్కటే' ఆటల రోజుకి ముఖ్య అతిథి కూర్చునే సోఫాలు. మోసుకొచ్చిన వాళ్ళు వాటిని తిన్నగా ట్రాక్ మీదికి తెచ్చి, మూడో లైనులో దించి, వాటి మీదే కూర్చుని సిగరెట్లు కాల్చారు. అప్పుడే గీసిన గీత మీద సోఫా కాళ్ళ గుంటలు పడ్డాయి. తర్వాత బ్యానర్ వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒక కుర్రాడి ఫొటో ఓ మూలన బెత్తెడు, ముఖ్య అతిథి ఫొటో మనిషెత్తు. చక్రాల కుర్చీల వాళ్ళ కోసం కట్టిన మరుగుదొడ్డి తలుపు తీసి, అందులో మిగిలిన కుర్చీలు, పూలగుత్తులు, నీళ్ళ సీసాల పెట్టెలు నింపి తాళం వేశారు. తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు. సున్నం చూస్తూ నిలబడ్డాడు. నోట్లోకి చేదు నీళ్ళు ఊరాయి, పక్కకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు. "సున్నం, ఆ చివరి గీత ఇటు జరపాలి. సోఫాల ముందుకి."

"ఏ గీత సార్?"

"అదే, రిబ్బను తెంపే గీత. గ్యాలరీ నీడ ఇక్కడే పడుతోంది. సార్ ఎండలో కూర్చోరు. రిబ్బను సార్ ముందు తెగాలి, వెనకాల బ్యానర్ పడాలి. ఫొటోగ్రాఫరు చెప్పాడు."

సున్నం సోఫాల వైపు చూశాడు, ఎర్రగుడ్డ వైపు చూశాడు. టేపు అక్కర్లేదు ఆయనకి. "ఇక్కడికి ఎనభై రెండే సార్. వంద అక్కడుంది."

"ఎవడు కొలుస్తాడయ్యా? ఒలింపిక్సా ఇది? వాళ్ళకి వందైతే ఏంటి, ఎనభై అయితే ఏంటి. పాపం, తొందరగా అయిపోతే వాళ్ళకే మంచిది."

"అయితే మొదలుపెట్టే గీత వెనక్కి జరుపుదాం సార్. వందకి వంద ఉంటుంది."

"వెనక గోడుంది కదా. కళ్ళు కనపడట్లేదా?"

గోడ ఉన్న మాట నిజమే. "టైము చూస్తున్నారంట కదా సార్, ఆ పిల్ల..."

మేనేజరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇదిగో సున్నం. నీ వేలు మిషనుకి తెలీదు. నాకు తెలుసు. నేను ఉన్నాడంటే ఉన్నావ్. గ్యాలరీ కింద గది కూడా అంతే. గుర్తుందిగా?"

గుర్తుంది. గది ఎలా మర్చిపోతాడు. గ్యాలరీ మెట్ల కింద ఖాళీలో గోడ కట్టి ఇచ్చిన గది. కప్పు కూడా మెట్లు మెట్లుగానే దిగుతుంది. గుమ్మం దగ్గర నిలబడొచ్చు, పొయ్యి దగ్గరికి వంగాలి, మూలనున్న మంచం దగ్గరికి వచ్చేసరికి పాకాలి. పైన జనం లేచి చప్పట్లు కొడితే కింద కూరగిన్నెలో సిమెంటు పొడి రాలుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరెవరో గెలిచిన సంగతులన్నీ ఆయనకి ఆ పొడి ద్వారానే తెలిశాయి. మధ్యాహ్నం పడుకున్నప్పుడు మొహం మీద రాలితే నిద్రలోనే మోచేత్తో తుడుచుకుంటాడు. భార్య చూసి నవ్వుతుంది. "నిద్రలో కూడా గీతలు చెరుపుతున్నావా ఏమయ్యా" అంటుంది. ఆమె గ్యాలరీ ఊడుస్తుంది. కూతురు పెళ్ళై వెళ్ళేదాకా ముగ్గురూ ఆ గదిలోనే బతికారు. ఈ వయసులో ఇంకెక్కడికి పోతారు.

సున్నం బండి తోసుకొచ్చాడు. తాడు బిగించాడు. గీత గీశాడు. చెయ్యి వణికి వంకర పోతుందేమో, కనీసం అలా అయినా బాగుండునని అనుకున్నాడు గానీ, వెధవ గీత ఎంతో చక్కగా వచ్చింది. పనితనం కూడా ఎంత సిగ్గులేనిదో అనిపించింది. ఎడం భుజం నుంచి మోచేతి దాకా పొద్దుట్నుంచీ ఒక సలుపు, బండి తోసిన నొప్పేలే అనుకుని చెయ్యి విదిలించుకున్నాడు. తర్వాత ఎర్రగుడ్డ దగ్గరికి వెళ్ళి, తాను గీసిన అసలు గీతని చీపురుతో తానే ఊడ్చేశాడు.

తొమ్మిదింటికి పిల్లలు వచ్చారు. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చాడు. ఆ రెండున్నర గంటలూ పిల్లలు ఎండలో వరసల్లో నిలబడ్డారు, నిలబడలేనివాళ్ళు కూర్చున్నారు. నీడ సోఫాలకే. చూపు లేని పిల్లలిద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎటు తిరిగి చప్పట్లు కొట్టాలో తెలియక అన్ని వైపులకీ తిరిగి కొట్టారు. చక్రాల కుర్చీలోని ఒక పెద్ద కుర్రాడు మరుగుదొడ్డికని రెండుసార్లు వెళ్ళి తాళం చూసి తిరిగొచ్చాడు. మూడోసారి వెళ్ళలేదు. వాళ్ళ అమ్మ కొత్తగా ఇచ్చిన టీషర్టు విప్పి అతని ఒళ్ళో కప్పింది. టీషర్టు మీద 'అందరూ విజేతలే' అని రాసి ఉంది. వలంటీర్లు భోజనం పొట్లాలు ముందుగా తామే విప్పుకుని, చేతులు నాకుతూ "ఓపిక పట్టండి పిల్లలూ" అన్నారు. మైకులో మాట్లాడే మనిషి రెండు మాటలకోసారి 'పాపం' అన్నాడు. గడ్డిలో అప్పటికే జ్యూసు ఒలికి, ఈగలు ముసిరాయి.

ముఖ్య అతిథి వచ్చీ రాగానే చక్రాల కుర్చీ పందెం. పొద్దుట్నుంచీ చక్రాల మీద చేతులు ఆనించుకుని సిద్ధంగా ఉన్న ఆ కుర్రాడి వెనక్కి వెళ్ళి, ముఖ్య అతిథి తానే కుర్చీ తోస్తానన్నాడు. తోశాడు. కుర్రాడి వేళ్ళు చక్రంలో నలిగాయి. మూలిగాడు. "చూశారా ఆనందం" అన్నాడు మైకు మనిషి. ఫొటోగ్రాఫరు సరిగ్గా పడలేదని ఇంకోసారి తోయించాడు.

ఎనిమిది పరుగు ఆ తర్వాతే. అందరూ ఒక్కటే అని చూపించాలి కాబట్టి పక్క లైన్లలో మామూలు బడి పిల్లలు ముగ్గుర్ని నిలబెట్టారు. వాళ్ళ టీచరు వంగి వాళ్ళకేదో చెప్పింది. ఈల మోగింది. ఎనిమిది పరుగెత్తింది. ఎడం కాలు వేసి, నడుం తిప్పి, కుడి కాలుని ఈడ్చి ముందుకి విసిరి, మళ్ళీ ఎడం కాలు. మెడ నరాలు తేలాయి. ముడుచుకున్న చెయ్యి రొమ్ము మీద కొట్టుకుంటోంది. ఆ పక్కన ముగ్గురు పిల్లలు కావాలని కాళ్ళు నెమ్మదిగా ఎత్తి దించుతూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకుంటూ వెనకే వచ్చారు. ఆమె రిబ్బను తెంపింది. ఆగలేదు. సోఫాలు దాటి, బ్యానరు దాటి ఇంకా పది గజాలు పరుగెత్తింది. ఎవరో వలంటీరు వెళ్ళి భుజాలు పట్టుకుని ఆపాడు. "పాపం, అయిపోయిందని తెలీలేదు" అన్నాడు మైకులో మనిషి, జనం నవ్వారు.

"ఇరవై అయిదు సెకన్లు" అని ప్రకటించారు. మెడలో పతకం వేశారు. వెనకొచ్చిన ముగ్గురికీ కూడా అదే పతకం వేశారు. అన్నిటి మీదా 'ప్రథమ' అనే ఉంది.

ఇస్త్రీ దుకాణం నుంచి సగం పూట సెలవు పెట్టి వచ్చిన ఆమె తల్లి, చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు. "అక్కా, ఇరవై అయిదంట. ముప్పై కాదే, ఇరవై అయిదు. ఎల్లుండే తీసుకెళ్తున్నా హాస్టల్‌కి. పెట్టె సర్దాలి." ఒకరి తర్వాత ఒకరికి చెబుతోంది. సున్నాన్ని చూసి, "అన్నయ్యా, విన్నావా? నీ గీత చలవే" అంది.

సున్నం తల ఊపాడు. ఆ ఊపిన తలని నరుక్కోవాలనిపించింది. ఎల్లుండి ఈ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్తుంది. నవ్వులేని మనిషి ఒకే ఒక్కసారి కొలుస్తాడు. ముప్పై దాటుతుంది. అంతే, తలుపు మూసేస్తాడు. పద్దెనిమిది మీటర్ల నీడ కోసం, సోఫా కోసం. చెబితే మేనేజరు ఊరుకోడు. చెప్పకపోతే, రేపు పొద్దున తాడు పట్టుకుని ఏ మొహంతో వంగాలి.

మూడింటికి జనం పోయారు. సోఫాలు లారీ ఎక్కాయి. మైదానం నిండా సీసాలు, ఎంగిలి పొట్లాలు, తొక్కిన పూలు. భార్య గ్యాలరీ మీద సంచి పట్టుకుని మెట్టు మెట్టూ ఏరుతోంది. ఎనిమిది ఒక్కతే ట్రాక్ దాటుకుంటూ సున్నం దగ్గరికి వచ్చింది. తల్లి గేటు దగ్గర ఇంకా ఫోన్లోనే ఉంది.

"బాబాయ్. నా అడుగులు... నూట ఇరవై వచ్చాయి."

సున్నం చేతిలోని చీపురు కింద పెట్టాడు.

"మొదట నేనే... తప్పు లెక్కపెట్టాననుకున్నా. అందుకే ఆగలేదు. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి కదా అని." ఊపిరి తీసుకుంది. "ఎంత బాబాయ్ అది?"

"ఎనభై రెండు" అన్నాడు సున్నం. "నేనే జరిపాను తల్లీ. జరపమన్నారు, జరిపాను. గది పోతుందని భయమేసింది. నీకు పొద్దున్నే చెప్పాల్సింది, దానికీ భయమేసింది. ఛీ, నా బతుకు."

ఆమె చాలాసేపు బూటు మొనతో గడ్డిని దున్నింది. కోపం వస్తే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఆమె మెళ్ళో పతకం తీసి ఆయన చేతిలో పెట్టింది. చెమటకి బంగారు రంగు అప్పుడే ఊడి ఆమె మెడకి అంటుకుని ఉంది.

"ఇది నీదే. మిగతా పద్దెనిమిదీ... నువ్వేగా పరుగెత్తింది."

సున్నానికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గొచ్చింది, ఆ రెండిటి మధ్యా కళ్ళు తడిశాయి. "అలిసిపోయావా? ఇంకోసారి పరుగెత్తగలవా?" అన్నాడు.

"నువ్వు చూస్తావా టైము?"

బండి తీసుకురాలేదు. రెండు గుప్పిళ్ళ సున్నం తెచ్చి, ఎర్రగుడ్డ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఎనిమిదో లైనుకి ఎంత వెడల్పు కావాలో అంతే గీత చేత్తో పోశాడు. గాలికి పోకుండా కాసిని నీళ్ళు చిలకరించి, మేకు చుట్టూ వేళ్ళతో అదిమాడు. గేటు దగ్గర్నుంచి తల్లిని పిలిచి ఫోను అడిగాడు. ఆమెకి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, చెప్పిన వాళ్ళందరికీ మళ్ళీ చెప్పాలి కాబోలు అన్నట్టు ఫోను వైపు ఒకసారి చూసి, ఆయన చేతికిచ్చేసింది.

ఆయన మేకు దగ్గర చెయ్యెత్తి దించాడు. చప్పట్లు లేవు, మైకు లేదు. బూటు ఈడ్చే చప్పుడు ఒక్కటే దగ్గరయింది. దగ్గరికొచ్చేసరికి ఆమె పెదాలు కదులుతున్నాయి, నూట నలభై నాలుగు, నలభై అయిదు. చేత్తో పోసిన గీత దాటి, ఆగి, రొప్పుతూ వెనక్కొచ్చి మేకు తలని బూటుతో తాకింది.

"ఎంత?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ముప్పై ఒకటీ రెండు."

"అంటే... రాలేదు."

"రాలేదు."

"పోయిన నెల ముప్పై మూడు." వేళ్ళ మీద లెక్కేసుకుంది. "ఇంకా ఒకటిన్నర లాగాలి. అమ్మా, ఎల్లుండి వద్దు. పెట్టె సర్దకు." తర్వాత పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. పొద్దుట్నుంచీ ఆ మైదానంలో అది ఒక్కటే చూడదగ్గ మొహం. "రేపు వస్తా బాబాయ్. గీత ఉంచు."

"ఉంచుతా పో."

వాళ్ళు వెళ్ళాక గదిలోకి వచ్చి, చేతులు కడుక్కుని, మంచం మీదికి పాకి పడుకున్నాడు. పతకం చొక్కా జేబులోనే ఉంది. ఎడం చెయ్యి ఇంకా సలుపుతోంది. మేనేజరుకి రేపటికల్లా తెలుస్తుంది, తెలియనీ అనుకున్నాడు. పైన కుర్చీలు లాగే కూలీలు ఇంకా దిగలేదు. ఐదున్నరకి భార్య సీసాల సంచి గుమ్మంలో దించి, "ఏమయ్యా, తింటావా?" అంది. పైన కుర్చీల వరస ఒకటి ధనధన లాగారు. కప్పులోంచి పొడి ఆయన మొహం మీద రాలింది, నుదుటి మీద, మూసిన కళ్ళ మీద, కొంచెం తెరిచిన పెదాల మీద. ఆయన తుడుచుకోలేదు. ఆమె కాసేపు చూసింది. ఇంకో వరస లాగారు, ఇంకాస్త రాలింది. అప్పుడామె వంగి మంచం దాకా పాకి, తన చేత్తో తుడిచింది. నుదురు చల్లబడి ఉంది.

నాలుగో రోజు పొద్దున గీతలు గీయడానికి కొత్త మనిషి వచ్చాడు. మిషను అతని వేలిని ఒక్కసారికే ఒప్పుకుంది. నేల మీద పాత గీతల జాడలు చూసుకుంటూ, అన్నిటికంటే చక్కగా, స్పష్టంగా మిగిలి ఉన్న దాన్నే చివరి గీత అనుకుని, దాని మీదే మళ్ళీ సున్నం పోశాడు. ఎనిమిది వచ్చి ఆ గీత దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, బూటు ఈడ్చుకుంటూ ఇంకా ఇరవై ఆరు అడుగులు వేసింది. అక్కడ గడ్డిలో ఎర్రగుడ్డ పీలికతో మేకు ఉంది. దాని చుట్టూ ఎండి గట్టిపడిన సున్నం ముద్దలో నాలుగు వేళ్ళ గుంటలు ఉన్నాయి, వాటిలో ఒక్క వేలిముద్ర కూడా లేదు.